తప్పించుక తిరుగువాడా, తప్పించుకు తిరుగువాడా?

ఋషికొండ నుంచి:
పెద్దలకు నమస్కారం. సుమతి శతకం పద్యం ఒకటి కొన్నాళ్ళుగా నోట్లో నానుతోంది. ‘అన్యుల మనముల్ నొప్పింపక తానొవ్వక’ దాకా తడుముకోకుండా వస్తుంది. ఆ తర్వాత ‘తప్పించుక తిరుగువాడు’ అని మా అమ్మ అంటుంది, ‘తప్పించుకు’ అని మా టీమ్‌లో గోదావరి జిల్లా అబ్బాయి అంటాడు. అసలు పాఠం ఏది?

ఎందుకు పనిబడిందో కూడా చెబుతాను. మందుల వేళ గుర్తుచేసే ఫోన్ యాప్ మాది. దాన్ని ఇప్పుడు జపాన్‌లో పెద్దవయసువాళ్ళ కోసం మళ్ళీ మొదటినుంచీ కడుతున్నాం. భాష మార్చేస్తే అయిపోయే పని కాదది. మన యాప్‌లో మాత్ర వేసుకుంటే టిక్కు పడుతుంది, మానేస్తే ఎర్ర ఇంటూ పడుతుంది. అక్కడి బళ్ళలో జవాబు సరైనదైతే దానికి సున్నా చుడతారు, టిక్కు కొట్టారంటే తప్పయిందని. మనకేమో సున్నా చుట్టారంటే మార్కులు పోయినట్టే! ఈ గుర్తొక్కటి అటూఇటూ అయితే పెద్దాయన వేసుకున్న మాత్రే మళ్ళీ వేసుకునే ప్రమాదం ఉంది.

అంతకన్నా కష్టం తప్పు ఎత్తిచూపే వాక్యాలతో. ‘పోస్టల్ నంబరు తప్పు. మళ్ళీ ఇవ్వండి’ అని మన యాప్ గద్దిస్తుంది. అందుకే ఈ పద్యం మా డిజైన్ నోట్‌లో మొదటి పేజీలో ఉండాలని నా పట్టు. మా లీడ్ మాత్రం ‘తప్పించుకు తిరగడం కూడా ఒక గుణమా?’ అంటున్నారు.

భీమిలి మాస్టారు:
‘తప్పించుక’ బాబూ, సందేహమే లేదు. ‘తప్పించుకొని’లోని ‘కొని’ కుదించుకుని ‘క’ అయింది. చేసుక, పట్టుక, ఎత్తుక... పద్యాల్లో ఎన్ని లేవు!

సీతమ్మధార:
మాస్టారూ, పాఠం మీరన్నదే కావచ్చు గానీ ఛందస్సు మీకు సాక్ష్యం చెప్పదు. కందం నాలుగో పాదంలో రెండో గణం ‘చుక తిరు’, నాలుగూ లఘువులే. ‘చుకు తిరు’ అన్నా నాలుగూ లఘువులే. యతి ‘త’కీ ‘ధ’కీ, అదీ చెక్కుచెదరదు. ప్రాస ‘ప్ప’ దగ్గరే తీరిపోయింది. ‘కు’ని బయటికి నెట్టే సూత్రం కందంలో లేదు.

భీమిలి మాస్టారు:
ఛందస్సు తేల్చనిచోట వ్యాకరణం ఉందిగా అమ్మా. ‘కు’ ఇవాళ్టి వాడుక. పాత పద్యంలో దాన్ని దూర్చడమెందుకు?

మధురవాడ (పుట్టిల్లు వరంగల్):
‘క’ పాతదే కావచ్చు గానీ పోయింది మాత్రం కాదండీ. మా ఇంట్లో ఇప్పటికీ ‘పట్టుకపో’, ‘తీసుకపో’ అనే అంటాం. ఇక్కడికొచ్చాకే ‘పట్టుకుపో’ విన్నాను. ఈ శతకం బద్దెనదంటారు, ఆయన్ని కాకతీయుల కాలంలో పెడతారు. ఆ ‘క’ మా ఓరుగల్లు పలుకు అని నేను గట్టిగా నమ్ముతాను.

సీతమ్మధార:
మీ అభిమానం నాకు నచ్చింది. కానీ కావ్యభాషలో ‘క’ అన్ని ప్రాంతాల కవుల దగ్గరా కనిపిస్తుంది. ఒక్క అక్షరం పట్టుకుని కవి ఊరు చెప్పలేం.

విజయనగరం నుంచి:
అందరూ అక్షరం దగ్గరే ఆగారు. అర్థం మాటేమిటి? ‘తప్పించు’ సకర్మకం. దేన్ని తప్పించుక? పద్యంలో కర్మ బయటికి లేదు. ముందు రెండు మాటలూ నొప్పి గురించే: ఇతరుల నొప్పి, తన నొప్పి. కాబట్టి తప్పించవలసింది ఆ నొప్పినే అని నా అన్వయం. పని ఎగ్గొట్టి మొహం చాటేసేవాణ్ణి ధన్యుడనడానికి కవికేం అవసరం? మీ లీడ్‌గారికి ఈ ముక్క చెప్పండి.

మధురవాడ:
అయితే నాదొక ఆలోచన. ‘తప్పించుక’ అంటే ఒడుపుగా మెలగడం, ‘తప్పించుకు’ అంటే మొహం చాటేయడం. రెండు రూపాలకీ రెండు అర్థాలు స్థిరపడ్డాయేమో?

భీమిలి మాస్టారు:
ఒకే క్రియకు అలా రెండర్థాలు పంచడం కుదరదమ్మా. ‘అప్పులవాళ్ళని తప్పించుకు తిరుగుతున్నాడు’ అనే వాడుక ఈ పద్యం మీద నీడ వేసింది, అంతే.

ఒసాకా నుంచి (ఊరు గాజువాక):
యాప్ గురించి ఒక మాట చెప్పి మళ్ళీ పద్యంలోకి వస్తాను. ఇక్కడ ఏదైనా కాదనేముందు, అడిగేముందు ‘ఒసొరె ఇరిమాసు గా’ అంటారు. మాటకు మాట అర్థం చెబితే ‘భయంగానే ఉంది, కానీ’ అని వస్తుంది. అసలు పని మాత్రం మన ‘ఏమీ అనుకోకండి గానీ’ చేసే పనే. ఇలాంటివాటికి ‘కుషన్ కొతొబా’ అని పేరే ఉంది, దెబ్బ తగలకుండా ముందు మెత్త వేసే మాటలని. అయితే మెత్త వేసి ఊరుకోకూడదు. ‘క్షమించాలి, వివరాలు సరిచూడండి’ అని వదిలేస్తే ఎనభై ఏళ్ళ అవ్వకు ఏ గడి సరిచూడాలో తెలియదు. విజయనగరంవారు కాదన్న ‘తప్పించుకు తిరగడం’ అంటే సరిగ్గా అదే.

ఇంకో సంగతి. ఇక్కడ పోస్టల్ నంబరుకి 1998 నుంచీ ఏడంకెలు. ఆరు గడులే ఇస్తే తప్పు వాళ్ళది కాదు, మీది. పుట్టిన సంవత్సరం అడిగితే పెద్దవాళ్ళు చక్రవర్తి ఏలుబడి లెక్కన షోవా 20 అని చెబుతారు, అంటే 1945. చిరునామా పెద్ద విభాగంతో మొదలై ఇంటి నంబరుతో ముగుస్తుంది. పేరులో ఇంటిపేరే ముందు.

సీతమ్మధార:
ఇంటిపేరు ముందనేసరికి ప్రాణం లేచొచ్చింది! ఏ ఫారం నింపినా ‘ఫస్ట్ నేమ్’ గడిలో ఏం పెట్టాలో తేలక సగంమంది తెలుగువాళ్ళు టికెట్ మీద తలకిందులైన పేర్లతో విమానం ఎక్కుతున్నారు. జపాన్‌వాళ్ళ ఫారం మనకే అచ్చంగా సరిపోయేలా ఉంది. మీ టీమ్ ఆ గడులను మన యాప్‌లో కూడా పెట్టాలని నా కోరిక.

విజయనగరం నుంచి:
మళ్ళీ కట్టడం అన్నారు కాబట్టి మా గురజాడవారి ఊసెత్తకుండా ఉండలేను. 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. ఎవరి నోట ఏ పలుకు పలకాలో అంత శ్రద్ధగా చూసినవారు మరొకరు లేరు. మీ మెత్తమాటలకు ఆయన దగ్గరే జవాబుంది: ‘ఒట్టి మాటలు కట్టిపెట్టోయ్, గట్టి మేల్ తలపెట్టవోయ్.’

భీమిలి మాస్టారు:
‘వొట్టి’ నాయనా. నేను చదువుకున్న అచ్చులో వకారంతోనే ఉంది. గురజాడవారిది పలికే భాష, దాన్ని సరిదిద్దకండి.

గోపాలపట్నం (పుట్టింది పర్లాకిమిడిలో):
గురజాడ మీద నాకూ అంతే భక్తి. కానీ వేరే సంస్కృతివాళ్ళ కోసం పనిచేయడమంటే నా మనసు గిడుగు రామమూర్తిగారి దగ్గరికే పోతుంది. సవరల పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని ముందు తాను సవర నేర్చుకున్నారు. వాచకాలు రాశారు, బడులు పెట్టారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం వెలువడింది. ఋషికొండ తమ్ముడూ, మీ టీమ్‌లో జపనీస్ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పూర్తయిన తెరను అక్కడి ముసలాయన చేతిలో పెట్టి, పక్కన కూర్చుని చూసేవాళ్ళు ఉన్నారా? పద్యంకన్నా ముందు అది కావాలి.

ఋషికొండ నుంచి:
ఉన్నారండీ, క్యోటోలో ఒక వృద్ధాశ్రమంతో కలిసి చేస్తున్నాం. తెర చూపించినప్పుడల్లా అందరూ ‘బాగుంది’ అనే అంటారు, మా మనసు నొప్పించరు! అందుకని అభిప్రాయం అడగడం మానేసి, వేలు ఎక్కడ ఆగుతోందో చూస్తున్నాం. సున్నా చుట్టిన గుర్తు దగ్గర ఆగడం లేదు, పాత టిక్కు దగ్గర ఆగేది. ఒసాకా అన్నగారు చెప్పినదాన్నిబట్టి ఆ వాక్యం ఇలా మార్చాను, దీన్నే జపనీస్‌లోకి తెస్తారు: ‘శ్రమ ఇస్తున్నందుకు మన్నించండి. పోస్టల్ నంబరులో ఆరంకెలే కనిపిస్తున్నాయి, ఏడోది కూడా ఇస్తారా?’ ఇందులో ‘తప్పు’ అన్న మాట లేదు, ఎక్కడ సరిచేయాలో మాత్రం ఉంది.

విజయనగరం నుంచి:
బాగుంది. ఇదే నా అన్వయానికి ఉదాహరణ.

భీమిలి మాస్టారు:
వాక్యం చక్కగా కుదిరింది. అయినా మొదటి పేజీలో నాలుగో పాదం పెట్టకు, మొదటి పాదం పెట్టు. ‘ఎప్పటికెయ్యది ప్రస్తుతము’ అన్నది నీ పనికి సరిగ్గా అతుకుతుంది. ‘ప్రస్తుతం’ అంటే ‘ఇప్పుడు’ అని కాదు సుమా, సందర్భానికి తగినది అని. అప్రస్తుత ప్రసంగం అంటున్నాం కదా, అదే ప్రస్తుతం.

సీతమ్మధార:
అయితే మాస్టారూ, ‘ఎయ్యది’ ఏకవచనమాయె, రెండో పాదంలో ‘ఆ మాటలాడి’ బహువచనమాయె. ‘మాటలాడు’ అంతా ఒకే క్రియ అంటారా, అప్పుడు ‘ఆ’ దేనికి అతుకుతుంది? ‘మాటలు’ విడిగా తీస్తే ‘ఎయ్యది’తో పొత్తెలా?

భీమిలి మాస్టారు:
పొత్తు కుదురుతుంది. ‘ఎయ్యది’ జాత్యేకవచనం, అంటే ఏకవచనంలో ఉన్నా ఆ జాతి మొత్తాన్నీ చెప్పే మాట. రాత్రికి రాస్తాను.

మధురవాడ:
రాసేటప్పుడు ఆ ‘క’ సంగతి కూడా చూడండి మాస్టారూ, నేను ఇంకా ఒప్పుకోలేదు.