స్నేహితుడి ద్రోహం ముందే చెప్పేయాలా, చివరిదాకా దాచాలా? నవల రాసేవాళ్ల సలహా కావాలి

30 అధ్యాయాల నవల. కథ చెప్పేది అన్న, ఉత్తమ పురుషలో ('నేను' అంటూ). తమ్ముడు అన్న సంతకం ఫోర్జరీ చేసి ఉమ్మడి ఇల్లు తాకట్టు పెడతాడు. అన్న ప్రాణస్నేహితుడికి ఆ సంగతి తెలుసు, కానీ ఎవరికీ చెప్పనని తమ్ముడికి మాటిచ్చాడు. ఒకరికిచ్చిన మాట నిలబెట్టుకోవడమే ఇంకొకరికి ద్రోహం అవుతుంది. తమ్ముడి తప్పు కన్నా ఈ మౌనమే ఎక్కువ గుచ్చుకోవాలి.

నిజం 22వ అధ్యాయంలో బయటపడుతుంది. చిక్కేమిటంటే, చిత్తుప్రతి చదివినవాళ్లు 9లోనే పట్టేశారు. అక్కడ డబ్బు ప్రస్తావన రాగానే స్నేహితుడు మాట మారుస్తాడు. ఆ వాక్యం పేరా చివర ఉండడంతో కన్ను అక్కడే ఆగుతోంది. దాన్ని సంభాషణ మధ్యకు జరిపి, వెంటనే తండ్రి ఆసుపత్రి పాలైన వార్త పెడితే మరుగున పడుతుందేమో. కానీ అసలు ఇబ్బంది వేరే ఉంది. అన్న అంతా అయిపోయాక గుర్తు చేసుకుని చెబుతున్నాడు కాబట్టి, తనకు తెలిసిందే 22 దాకా దాస్తే పాఠకుణ్ణి మోసం చేసినట్టుంటుంది. ప్రథమ పురుషకు ('అతను' అంటూ చెప్పే పద్ధతికి) మారిస్తే ఆ చిక్కు పోతుంది గానీ, అన్న గొంతులోని ఉక్రోషమూ పోతుంది (నవలకు బలం అదే).

ఇంకో దారి, 6లోనే స్నేహితుడి వైపు నుంచి పాఠకుడికి చెప్పేయడం. అప్పుడు అన్నకు ఎప్పుడు తెలుస్తుందోనన్న ఉత్కంఠ మిగులుతుంది. దాన్ని 16 అధ్యాయాలు లాగడం ఎలా? స్నేహితుడు నోరు విప్పబోయి ఆగిపోయే సన్నివేశాలు ఎన్ని దాటితే విసుగు పుడుతుంది? తెలిశాక అన్న ముందు ఎవర్ని నిలదీయాలి, తమ్ముణ్ణా, స్నేహితుణ్ణా?