అప్‌డేట్: వైద్య పదాలు ఎక్కడ సరిచూసుకోవాలి?

డాక్టర్ల ఆడియో విని టైపు చేసేటప్పుడు పదాలు ఎక్కడ సరిచూసుకోవాలని నెల క్రితం అడిగాను కదా, కాస్త దారిన పడ్డాను. జబ్బులకు, శరీర భాగాలకు డార్లాండ్స్ నిఘంటువు; మందుల పేర్లకు అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే డైలీమెడ్ వెబ్‌సైట్. మామూలు సెర్చ్‌ను నమ్మడం మానేశాను, తప్పు స్పెల్లింగుకూ అది బోలెడు ఫలితాలు చూపిస్తుంది.

నిన్న ‘ఇలియం’ అని వినిపించింది. ఇంగ్లిష్‌లో ఎల్ తర్వాత ఐ (ilium) రాస్తే తుంటి ఎముక పైభాగం, ఈ (ileum) రాస్తే చిన్నపేగు చివరి భాగం. నిఘంటువులో రెండూ ఉన్నాయి మరి! ముందు వాక్యంలో కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) ఉంది కాబట్టి పేగే అని తేల్చుకున్నాను. ఇంకోచోట వినిపించిన మందు హైడ్రాక్సిజైనో (అలర్జీకి వాడేది), హైడ్రాలజైనో (బీపీకి వాడేది) మాత్రం తేలలేదు. 25 మిల్లీగ్రాముల మాత్ర రెండింటిలోనూ వస్తుంది. ఊహించి రాయకుండా ఖాళీ వదిలి, ఆడియోలో ఆ మాట వచ్చిన సమయం రాసి పంపాను.