1826 అర డాలర్ మీది రంగులు పుట్టినవా, పుట్టించినవా? సముద్రపు గాలిలో ఎట్టా దాచాలి?

ఉప్పుగాలి (కొత్తపట్నం):

అందరికీ నమస్కారం. బ్రిటిష్ ఇండియా రూపాయల తర్వాత ఇప్పుడు అమెరికా తొలినాటి వెండి మీదికి మనసు పోయింది. క్యాప్డ్ బస్ట్ (టోపీ పెట్టిన లిబర్టీ బొమ్మది) అర డాలర్, 1826 ది, రెండు చోట్ల దొరుకుతోంది. ఒకటి విడి నాణెం, స్లాబ్ (గ్రేడింగ్ సంస్థ పరీక్షించి మూసిచ్చే ప్లాస్టిక్ పెట్టె) లేదు. నడుమ లేత బంగారు రంగు, అంచు చుట్టూ వంగపండు రంగు, ఆ పైన నీలం. ఫోటోలో కళ్లు తిప్పుకోలేం. రెండోది అమెరికా గ్రేడింగ్ సంస్థ పీసీజీఎస్ స్లాబ్‌లో ఏయూ 53 (కొంచెమే అరిగిన స్థాయి), మొత్తం బూడిద రంగు, అక్షరాల పక్కన మాత్రం కొంచెం మెరుపు. రంగులున్న దానికి అమ్మే ఆయన దాదాపు రెట్టింపు అడుగుతున్నాడు.

అడగాల్సినవి మూడు. ఆ రంగులు సహజమో కాదో ఫోటో దాటి ఎట్టా తేల్చుకోవాలి? విడి నాణెం అసలు వెండేనా అని ఇంట్లో ఏ పరీక్ష పెట్టొచ్చు? ఇల్లు సముద్రానికి మూడు కిలోమీటర్లే, చుట్టూ రొయ్యల చెరువులు. ఈ గాలిలో ఎట్టా దాచాలి?

—

పెన్నాగట్టు (నెల్లూరు):

అన్నా, రంగు సంగతి తర్వాత, ముందు లోహం సంగతి చూడాల. నకిలీ నాణేనికి ఎంత మంచి రంగున్నా ఏం లాభం.

1837 కి ముందు అమెరికా వెండి నాణేల్లో వెండి 89.24 శాతం, మిగతా రాగి. అర డాలర్ తూకం 13.48 గ్రాములు. 1837 చట్టంతో వెండి సరిగ్గా 90 శాతం అయింది, తూకం 13.36 కి తగ్గింది. నీ 1826 ది పాత లెక్కలోది. వాడకంలో అరిగింది 13.2 దాకా తూగినా భయం లేదు. 12.5 తూగిందంటే మాత్రం వదిలెయ్. అడ్డకొలత 32.5 మిల్లీమీటర్లు, మన విక్టోరియా రూపాయి కన్నా కొంచెం పెద్దది. పక్క అంచు మీద గాడులు ఉండవు, అక్షరాలుంటాయి: ఫిఫ్టీ సెంట్స్ ఆర్ హాఫ్ ఎ డాలర్. గాడుల అంచు 1836 లో ఆవిరి ప్రెస్సు వచ్చాకనే. 1826 అని ఉండి అంచు మీద గాడులుంటే ఇంక చూసేదేం లేదు. పోత పోసిన నకిలీలకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటది, దాన్ని ఆకురాయితో దిగరాసినా అక్షరాలు అక్కడ మొద్దుబారి కనపడతాయి.

ఇంట్లో చేసుకునే పరీక్ష నీళ్ల తూకం. 0.01 గ్రాము దాకా చూపే నగల తూకం యంత్రం చాలు. ముందు నాణేన్ని పొడిగా తూచు. తర్వాత చిన్న గాజు గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి యంత్రం మీద పెట్టి సున్నా చెయ్. నాణేన్ని సన్నటి నైలాన్ దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేట్టు వేలాడదియ్, అడుగుకీ గోడకీ తగలకూడదు. అప్పుడు యంత్రం చూపే అంకె నాణెం తోసిన నీళ్ల బరువు. మొదటి అంకెని దీంతో భాగించు, వచ్చేది నాణెం సాంద్రత. 13.48 కి 1.31 వస్తే 10.3 దగ్గర, సరిపోయింది. రాగి, ఇత్తడి, నికెల్ కలిపి చేసి పైన వెండి పూత పూసింది అయితే నీళ్ల అంకె 1.5 దాటుద్ది. గాలి బుడగ ఒక్కటి అంటుకున్నా లెక్క చెడుద్ది కాబట్టి మూడుసార్లు చెయ్. తుడవొద్దు, మెత్తటి బట్ట మీద పెట్టి దానంతట అదే ఆరనియ్.

ఇక రంగు. వెండి మీద గంధకం చేరి సిల్వర్ సల్ఫైడ్ పొర కడుద్ది. రంగు ఆ పొరది కాదు, పొర మందానిది. నీళ్ల మీద కిరసనాయిలు చుక్క పడితే రంగులు తేలినట్టే. పొర మందమయ్యే కొద్దీ వరస ఒకటే: ముందు గడ్డి పసుపు, తర్వాత బంగారం, ఎర్రటి వంగపండు, ముదురు నీలం, లేత నీలం, మళ్లీ పసుపు, మళ్లీ వంగపండు, ఆకుపచ్చ. ఆఖరుకి నలుపు. ఈ వరసే నీ చేతిలో ఉన్న పెద్ద ఆయుధం. అట్ట ఆల్బంలో ఏళ్ల తరబడి ఉన్న నాణేనికి అట్టలోని గంధకం అంచు నుంచి లోపలికి పాకుద్ది. అందుకే నడుమ పల్చన, అంచున మందం. నువ్వు చెప్పిన బంగారం, వంగపండు, నీలం వరస తప్పలేదు. అంతమాత్రాన సహజమని కాదు, సహజం అయ్యే వీలుందని మాత్రమే. లేత పసుపు పక్కన ఉన్నట్టుండి ఆకుపచ్చ దిగితే, నడుమ వంగపండూ నీలం లేకపోతే అనుమానించాల.

భూతద్దం పది రెట్లది తీసుకుని నక్షత్రాలు, అక్షరాల మొదళ్లు చూడు. సహజంగా ఎక్కిన రంగు అక్కడ సన్నటి తెల్లగీతలా వెనక్కి తగ్గి ఉంటది, ఎత్తుపల్లాలని బట్టి మారుద్ది. గంధకపు మందు పూసి, వేడి పెట్టి తెచ్చిన రంగు గుంటల్లోనూ మిట్టల మీదా ఒకేలా పరుచుకుంటది, లేకపోతే కారినట్టు మరకలు కడుద్ది. ఇంకోటి, చెవి మీది జుట్టు, టోపీ పైభాగం, భుజం దగ్గర బట్ట పట్టు, వెనక గద్ద రెక్కల అంచులు ముందు అరిగే చోట్లు. ఆ అరిగిన చోట్ల కూడా మెరిసే నీలం దట్టంగా ఉందంటే నాణెం అరిగిన తర్వాత ఎవరో రంగెక్కించారని నా లెక్క. సన్న గీతల మీదుగా రంగు సాఫీగా పోయిందంటే ఎప్పుడో తోమి, తర్వాత రంగు కట్టినట్టు.

—

టంకసాల_కావలి:

పెన్నాగట్టు గారు చెప్పినదాంట్లో ఒక్క మాట మీద నాకు పట్టింపుంది. తోమిన తర్వాత కట్టిన రంగంతా దొంగ రంగు కాదు. ఈ రకం నాణేల్లో చాలా వాటిని పాతకాలంలో ఒక్కసారైనా శుభ్రం చేశారు, ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆల్బంలో మళ్లీ రంగు పట్టింది. 1930 ల నుంచి వచ్చిన వేట్ రేమండ్ అట్ట ఆల్బంలు అందుకు పేరుపడ్డాయి. పీసీజీఎస్ లోపాలకి ఇచ్చే సంకేత అంకెల్లో రంగు అనుమానమైతే 91, తోమిందైతే 92, రెండూ వేర్వేరు. తేలిగ్గా తోమి బాగా రంగు తిరిగినవి గ్రేడు తెచ్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. చూడాల్సింది రంగు కింద మెరుపు బతికుందా లేదా అని.

దానికి ఒకే ఒక్క బల్బు చాలు. గదిలో లైట్లన్నీ ఆపి, ఒక టేబుల్ ల్యాంపు కింద నాణేన్ని అంచులు పట్టుకుని మెల్లగా తిప్పాలి. మెరుపు బండిచక్రం ఆకుల్లా తిరగాలి, రంగు ఆ మెరుపుతో పాటు వెలిగి ఆరాలి. పెయింట్ వేసినట్టు ఏ కోణంలోనైనా ఒకే తీరున ఉంటే ఆ రంగు చచ్చిన లోహం మీద ఉన్నట్టు. అమ్మేవాళ్లు ఫోటోలో రంగు పెంచుతారు కాబట్టి ఫోటోని నమ్మొద్దు, ఇదే తీరులో తిప్పుతూ ఎడిట్ చేయని వీడియో తీసి పంపమనండి. పంపనంటే అదే జవాబు.

రెండింట్లో ఏది అని నన్నడిగితే బూడిద రంగుదే. 1826 లో ఈ అర డాలర్లు 40 లక్షలకు పైగా కొట్టారు, తేదీ అరుదైంది కాదు. ఎక్కువ భాగం బ్యాంకుల్లో నిల్వగా కూర్చున్నాయి, అందుకే ఏయూ నాణేలు ఇప్పటికీ బాగానే దొరుకుతాయి. ఏయూ 53 లో అక్షరాల చుట్టూ మెరుపు మిగిలి, మైదానం (బొమ్మ లేని చదును భాగం) బూడిదగా ఉండటం ఈ నాణెం సహజంగా ముసలిదైన తీరు. ఇంద్రధనుస్సు కోసం రెట్టింపు పెట్టే ముందు అదే సంవత్సరానివి ఓ యాభై బూడిదవి చూడండి. కన్ను కుదురుతుంది, దొంగ రంగు దానంతట అదే ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. ఇదే సాధన మీ దగ్గరున్న విక్టోరియా రూపాయల మీదా చేయొచ్చు. అవి 91.7 శాతం వెండి, రంగు ఎక్కే తీరు ఇంచుమించు ఇదే.

విడి నాణెం కొని తర్వాత అమెరికాకి గ్రేడింగ్‌కి పంపుదాం అనుకుంటున్నారేమో. 1972 పురావస్తు చట్టం వందేళ్లు దాటిన నాణేన్ని పురావస్తువుగా లెక్కిస్తుంది, ఏ దేశపు నాణెం అన్న తేడా అందులో లేదు. సొంతంగా దేశం దాటించడం కుదరదు. కాబట్టి ఈ కాలపు నాణేలు ముందే స్లాబ్‌లో ఉన్నవి కొనడమే మేలు.

—

ఉప్పుగాలి:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. వీడియో అడిగాను. ఇంకో సందేహం. ఇక్కడ వెండి కొట్టు ఆయన బూడిద రంగుదాన్ని చింతపండు, విభూతి పెట్టి అద్దంలా చేసిస్తానంటున్నాడు, దీపపు కుందుల్లా. డిప్ అని ఒక మందు కూడా ఉందంట. అట్టాంటివి ఏ నాణేనికైనా పనికొస్తాయా?

—

బకింగ్‌హాం_కాలువ (నెల్లూరు):

విభూతి, కుంకుడు రసం, చింతపండు, పళ్లపొడి, ఏదీ వద్దు. కుందికి అవి మంచివే, నాణేనికి విషం. విభూతి నలుసులు వెండి మీద వేల సన్న గీతలు గీస్తాయి, ఆ గీతలు ఇంక పోవు. చింతపండులో పులుపు నలుపుతో పాటు రాగిని కూడా తినేస్తుంది. డిప్ అంటే థయోయూరియా, ఆమ్లం కలిసిన ద్రావణం. సల్ఫైడ్ పొరని కరిగిస్తుంది, దాంతో పాటు నాణెం పైచర్మాన్ని కూడా. మెరుపునిచ్చేది ఆ పైచర్మమే. అరిగిన నాణెం మీద వాడితే పాలిపోయిన తెల్లటి ముఖం మిగులుతుంది, దాని మీద మళ్లీ మంచి రంగు రావడం కష్టం.

వాడదగ్గది అసిటోన్ ఒక్కటే. అది రంగుని ముట్టదు, జిడ్డునీ, మెత్తటి ప్లాస్టిక్ కవర్ల నుంచి అంటే పీవీసీ జిగురునీ మాత్రం లాగేస్తుంది. లేబొరేటరీ మందుల కొట్లో దొరికే స్వచ్ఛమైనదే కావాలి, గోళ్ల రంగు తుడిచేది కాదు. గాజు గిన్నెలో పది నిమిషాలు, తర్వాత కొత్త అసిటోన్‌లో ఇంకో ఐదు నిమిషాలు. రుద్దకూడదు, ఊపితే చాలు. పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచిపెట్టి చేయండి, అంటుకుంటే క్షణంలో మండుతుంది.

ఇక దాచే సంగతి, మీ ఊరికి ఇదే అసలు సమస్య. సముద్రపు గాలిలోని ఉప్పు వెండి మీద సిల్వర్ క్లోరైడ్ కడుతుంది. దానికి రంగులు రావు, మట్టి బూడిద మచ్చలు వస్తాయి. రొయ్యల చెరువు ఎండగట్టినప్పుడు అడుగు నల్లమట్టి నుంచి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది చూడండి, అది హైడ్రోజన్ సల్ఫైడ్. నెలల్లో నాణేన్ని నల్లగా చేసేది అదే. దీపావళి పొగలోనూ గంధకమే, అదీ సరిగ్గా ఈశాన్య రుతుపవనం తేమ మీదున్న రోజుల్లో. తేమ ఉంటే ఈ పనులన్నీ ఇంకా వేగంగా జరుగుతాయి.

స్లాబ్ గాలి చొరని పెట్టె కాదు, అది గుర్తుంచుకోండి. స్లాబ్‌లనీ విడివాటినీ రబ్బరు వాషరున్న గాలి చొరని డబ్బాలో పెట్టవద్దు, ఆ రబ్బరులోనే గంధకం ఉండొచ్చు. సిలికోన్ వాషరుదైతే సరే. చెప్పుల పెట్టెంత డబ్బాకి 100 గ్రాముల సిలికా జెల్, పక్కన చిన్న డిజిటల్ తేమ మీటరు. తేమ 35 నుంచి 45 శాతం మధ్య ఉండాలి. 50 దాటితే జెల్‌ని 120 డిగ్రీల దగ్గర రెండు, మూడు గంటలు ఆరబెట్టి, చల్లారాకే తిరిగి పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వారానికోసారి చూడాలి, ఎండాకాలంలో నెలకోసారి చాలు.

విడి నాణేలకి మైలార్ కవర్లు కానీ అక్రిలిక్ గుండ్రటి క్యాప్సూల్స్ కానీ. మెత్తగా వంగి, కొత్త రెయిన్‌కోటు వాసన వేసే కవర్లు పీవీసీ, వాటిని పారేయండి, ఏడాది రెండేళ్లలో పచ్చటి జిగురు కారుస్తాయి. పాత న్యూస్‌పేపరు, రబ్బరు బ్యాండు, అగ్గిపెట్టె, ఉన్ని బట్ట ఏవీ అదే అరలో ఉండకూడదు. బీరువాలో చీరల మధ్య పెట్టే కలరా ఉండలు కూడా. ఏసీ గదిలోంచి తీసిన డబ్బాని వరండాలో వెంటనే తెరవద్దు, నాణెం మీద చెమట పడుతుంది. అరగంట మూతతోనే ఉంచి తర్వాత తెరవండి.

—

పెన్నాగట్టు:

బకింగ్‌హాం అన్నా చెప్పినదానికి ఒకటి కలుపుతా. డబ్బాలో ప్రతి నాణేనికీ కొన్న రోజే ముందూ వెనకా ఒకే బల్బు కింద, ఒకే దూరంలో ఫోటో తీసి పెట్టుకో. ఆరు నెలలకి అట్టే తీసి పక్కన పెట్టి చూడు. రంగు కదిలిందంటే డబ్బాలో ఏదో తప్పుండాది. ఎక్కువసార్లు అది జెల్ నిండిపోవటమో, మూత వాషరో.

—

ఉప్పుగాలి:

రంగుల నాణెం అమ్మే హైదరాబాద్ ఆయన వీడియో పంపలేదు, ఫోటోలే ఇంకో నాలుగు పంపాడు. అన్నిట్లో నీలం ఒకే తీరున ఉంది, చెవి మీది జుట్టు మీద కూడా. బూడిద రంగుదానికి మాట ఇచ్చేశాను. సిలికోన్ వాషరున్న డబ్బా కోసం రేపు ఒంగోలు పోతున్నా.