ఈజిప్టులో ఏ వంటకాలు తినాలి? ఏ వంటలో ఏమి వేస్తారో తెలిసినవారు దయచేసి చెప్పండి

నైలుయాత్ర: అందరికీ నమస్కారం. నిన్న ఉదయం కుటుంబంతో ఇక్కడికి చేరుకున్నాము. మూడు గంటలుగా ఫోనులో వెతుకుతూనే ఉన్నాను. ఎక్కడ చూసినా అవే పది వంటకాల పేర్లు ఉన్నాయి తప్ప, ఏ వంటలో ఏమి వేస్తారో విడమరిచి రాసినవారు ఒక్కరూ కనిపించలేదు. నిన్న రెండు పూటలూ ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులతో, కారప్పూసతో గడిపాము. ఇంత దూరం వచ్చి ఈ దేశపు భోజనం రుచి చూడకుండా వెళ్లడం నాకు చాలా బాధగా ఉంది.

రుచులవేట: హమామ్ మహ్షీ తప్పక తినండి. పావురం లోపల బియ్యం గాని, పచ్చి గోధుమను కాల్చి చేసిన ఫ్రీక్ అనే నూక గాని కూరి వండుతారు. రొట్టె మధ్యలో ఖీమా పెట్టి కాల్చే హవావ్షీ కూడా బాగుంటుంది.

సూటిగా: ఏ ఊళ్లో ఉన్నారు? ఏమి తినరు?

నైలుయాత్ర: కైరోలో ఉన్నాము. రేపు రాత్రి రైలులో అస్వాన్ వెళ్తాము. మేము శాకాహారులము, గుడ్డు కూడా తినము. అమ్మానాన్నలు వెంట ఉన్నారని చెబితే ఆ సంగతి అర్థమవుతుందనుకున్నాను, కానీ ఆ మాట కూడా రాయలేదని ఇప్పుడు చూసుకున్నాను.

కైరోలో_ఆరేళ్లు: అయితే మొదట కోషరీ తినండి. అన్నం, నల్ల మసూర్లు, మాకరోనీ, సెనగలు, పైన టమాటా పులుసు, కరకరలాడేలా వేయించిన ఉల్లిపాయ ముక్కలు, ఇంతే అందులో ఉండేవి. కోషరీ మాత్రమే అమ్మే దుకాణాలు ఉంటాయి. అక్కడ వడ్డించే మనిషి పెద్ద పళ్లాల ముందు నిలబడి, గరిటెను గిన్నె అంచుకు టంగున తాకిస్తూ క్షణాల్లో ఒకదానిపై ఒకటి పొరలుగా వేస్తాడు. బల్ల మీద రెండు సీసాలు ఉంటాయి. వెల్లుల్లి, వెనిగర్ కలిపినది దఖ్ఖా, కారం షత్తా. షత్తాను రెండు చుక్కలతో మొదలుపెట్టండి. కొన్ని చోట్ల పైన మాంసం కూడా వేస్తారు కాబట్టి "మిన్ గేర్ లహ్మా" (మాంసం లేకుండా) అని చెప్పండి.

అంతకంటే పనికొచ్చే మాట "సియామీ". ఇక్కడి కాప్టిక్ క్రైస్తవులు ఏడాదిలో రెండు వందలకు పైగా రోజులు మాంసం, పాలు, గుడ్లు మానేసి ఉపవాసం చేస్తారు. ఆ భోజనాన్నే సియామీ అంటారు. కొన్ని ఉపవాసాల్లో చేపలకు అనుమతి ఉంది కాబట్టి, చేప లేదు కదా అని విడిగా అడగడం అవసరం.

ములూఖియా చూడడానికి మన ఆకుకూర పప్పులా కనిపించి మోసం చేస్తుంది. జనపనార జాతి మొక్క ఆకులను రెండు పిడులున్న వంపు కత్తితో మెత్తగా తరిగి, సాధారణంగా కోడి లేదా కుందేలు మాంసం ఉడికించిన నీటిలో వేస్తారు. చివర వెల్లుల్లి, ధనియాల పొడి నేతిలో వేయించి పైన పోసే పద్ధతి అచ్చంగా మన తాలింపే. అయినా ఏ నీటిలో ఉడికించారో అడగకుండా ముట్టుకోవద్దు.

రుచులవేట: శాకాహారులకైతే ఉదయం పూట ఫూల్, తఅమియా చాలు. తఅమియా అంటే ఫలాఫెల్, గింజలు రుబ్బి నూనెలో వేయించే వడలు. ఫూల్ అంటే మన చిక్కుడు గింజలే. ఇరుకు మెడ ఉన్న కుండలో రాత్రంతా సన్నని సెగ మీద ఉడికించి, నూనె, నిమ్మరసం, జీలకర్ర కలిపి రొట్టెతో పెడతారు.

పదాలపెట్టె: చిక్కుడు గింజలు కావు. ఫూల్‌కు వాడే గింజను హిందీలో బాక్లా అంటారు, మన చిక్కుడు జాతి వేరు. తఅమియాను ఫలాఫెల్ అని రాసి వదిలేయడం కూడా సరికాదు. లెబనాన్, సిరియా వైపు దానిని సెనగలతో చేస్తారు, ఈజిప్టులో ఈ బాక్లాతోనే చేస్తారు. కొత్తిమీర, దానిలాంటిదే అయిన పార్స్‌లీ ఆకు వేసి రుబ్బడం వల్ల లోపల ఆకుపచ్చగా ఉంటుంది.

రుచులవేట: యాత్రికులకు వృక్షశాస్త్రంతో పనేమిటి? రుచి తెలియడానికి చిక్కుడు అంటే చాలు కదా.

వైద్యమిత్ర: ఇక్కడ పేరుతో పని ఉంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్నవారు బాక్లా తింటే ఒకటి రెండు రోజుల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం దాని గుర్తులు. ఈ లోపం మగపిల్లల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. లోపం ఉన్న ప్రతివారికీ ఇలా జరగదు, కానీ పరదేశంలో పరీక్షించి చూడవలసిన విషయం కాదు.

నైలుయాత్ర: మా అబ్బాయికి ఏడేళ్లు. పుట్టినప్పుడు ఆసుపత్రివారు ఇచ్చిన కాగితంలో ఈ ఎంజైము పేరే ఉంది. ఇంట్లో చిక్కుడుకాయ కూర తింటాడు, ఏమీ కాలేదు. అందుకే ఫూల్ కూడా ఫరవాలేదనుకుని, రేపు ఉదయానికి అదే ఖాయం చేసుకున్నాను.

వైద్యమిత్ర: అబ్బాయికి ఫూల్, తఅమియా, బిసారా ఈ మూడూ వద్దు. బిసారా కూడా బాక్లా పప్పును ఆకులతో ఉడికించి చేసేదే. తఅమియా వేసిన నూనెలోనే వంకాయ, బంగాళాదుంప వేయించే అవకాశం ఉంది, అవీ పెట్టకండి. పొరపాటున తిని పై గుర్తులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

కైరోలో_ఆరేళ్లు: కోషరీలో బాక్లా వేయరు. అయినా అబ్బాయి కోసం "ఫీహా ఫూల్?" (ఇందులో ఫూల్ ఉందా?) అని ఒకసారి అడగండి. తీపికి పాలు, పొరల రొట్టె, ఎండుద్రాక్ష వేసి కాల్చే ఉమ్ అలీ, లేదా పాల అన్నం లాంటి రుజ్ బి లబన్ పెట్టించండి.

పదాలపెట్టె: కోషరీ పేరు మన కిచిడీ నుంచి వచ్చిందనే వాదన ఉంది. 14వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, బియ్యం, పెసలు కలిపి వండి నేతితో తినే "కిష్రీ" గురించి రాశాడు.

రుచులవేట: ఈజిప్టువారు దానిని కిచిడీ అంటే ఒప్పుకోరు. మాకరోనీ, టమాటా వేసిన తరువాత అది వేరే వంటకమే.

సూటిగా: అస్వాన్‌లో కర్కదే తాగండి. ఎర్ర గోంగూర కాయల మీది ఎర్రని రక్షక పత్రాలను ఎండబెట్టి కాచిన పానీయం. మీ అమ్మగారికి నచ్చుతుంది.

నైలుయాత్ర: మధ్యాహ్నం కోషరీ తిన్నాము, ఫూల్ లేదని అడిగి నిర్ధారించుకున్నాము. అబ్బాయి రెండో గిన్నె అడిగాడు. రైలుకు వేళయింది. ధన్యవాదాలు.

పదాలపెట్టె: బాక్లాకు తెలుగునాట ఎక్కడైనా వాడుకలో పేరు ఉందా? తెలిసినవారు చెప్పగలరు.