యాక్సిడెంట్ దెబ్బలకి ఫ్యామిలీ డాక్టర్‌కి చూపించుకున్నవాళ్లు కాస్త చెప్పండి

నీలిగొడుగు:
ఆదివారం సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనకనుంచి కారొచ్చి గుద్దింది. అప్పుడేమీ తెలియలేదు, మర్నాడు పొద్దున లేచేసరికి మెడ పట్టేసింది. మా ఫ్యామిలీ డాక్టర్ చూసి ఎక్స్‌రే అక్కర్లేదు, నొప్పి మాత్ర వేసుకుని మెడ మెల్లగా తిప్పుతూ ఉండమన్నారు. కాలర్ కూడా రాయలేదు. ఫిలిం తీయకుండానే ఎముక ఎలా ఉందో ఎలా తెలుస్తుందండీ? ఒకటే టెన్షన్.

పాతసైకిల్:
మెడ వెనక సరిగ్గా మధ్యలో వేలితో నొక్కి చూశారా, చేతుల్లో తిమ్మిరి ఉందా అని అడిగారా, తల రెండు వైపులా 45 డిగ్రీలు తిప్పించారా? అవన్నీ చేసి ఉంటే ఊరికే చెప్పినట్టు కాదు. 2001లో కెనడా డాక్టర్లు ఇచ్చిన పద్ధతి ఇది. వయసు 65కి చేరినా, బండి పల్టీ కొట్టినా, చేతులో కాళ్లో తిమ్మిరెక్కినా మాత్రం తీయించాల్సిందే. కాలర్ అంటారా, చాలా ఏళ్ల కిందట నాకు వేశారు, మూడు వారాలు ఉంచుకున్నా, తీసేశాక మెడ కర్రలా బిగుసుకుపోయింది, అది వదలడానికి పట్టిన టైమే ఎక్కువ.

తూనీగ:
ఎక్స్‌రే బాగుందంటే అయిపోయినట్టూ కాదు. నేను బైక్ మీంచి అరచేయి ఆనించి పడ్డా. ఫిలింలో ఏమీ లేదు. డాక్టర్‌గారు బొటనవేలు పైకెత్తించి, దాని మొదట్లో పడే గుంటలో వేలు పెట్టి నొక్కగానే ప్రాణం పోయినంత పనైంది. ఆయన ఆ నొప్పినే నమ్మి కట్టు వేసి, పది రోజుల తర్వాత మళ్లీ తీయిస్తే సన్నటి గీత కనబడింది. స్కాఫాయిడ్ అంటారట, రక్తం అంతంతమాత్రంగా అందే ఎముక, పట్టించుకోకపోతే అతుక్కోకుండా ఉండిపోవచ్చు.

వెన్నెలమెట్లు:
మా నాన్నగారికి తలమీద చిన్న బొప్పి, అంతే. ఏ మాత్రలు వాడుతున్నారని డాక్టర్ అడిగితే, రక్తం పలచబడే మందు సంగతి అప్పుడు చెప్పాం. వినగానే స్కాన్‌కి పంపారు. బాగానే ఉంది, అయినా కొన్ని వారాలు కనిపెట్టుకుని ఉండమన్నారు, తలనొప్పి పెరిగినా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా, నడక తూలినా తీసుకురమ్మన్నారు. మూడో వారంలో ఒకరోజు చొక్కా గుండీ పెట్టుకోలేక దాన్నే చూస్తూ నిలబడ్డారు. తీసుకెళ్తే తల లోపల రక్తం చేరింది. ముందే చెప్పి ఉండకపోతే వయసు మీదికి తోసేసేవాళ్లం.

నీలిగొడుగు:
అవును, మీరన్నవన్నీ చేశారు, ఇప్పుడు మెడ గురించి మనసు కుదుటపడింది. ఒకటి మాత్రం చూపించలేదు, పొట్టమీద అడ్డంగా సీటు బెల్టు ఒరుసుకున్న మచ్చ ఉంది, నిన్నటినుంచి కాస్త నొప్పి కూడా. మెడ కోసం వెళ్లాను కదా అని ఊరుకున్నా.

పాతసైకిల్:
ఆగకండి. బెల్టు మచ్చకి తోడు కడుపునొప్పి అంటే పేగుకో ప్లీహానికో దెబ్బ తగిలి ఉండొచ్చు, ఇలాంటివి ఒక్కోసారి రోజులు గడిచాక బయటపడతాయి. డాక్టర్‌కి ఇప్పుడే ఫోన్ చేయండి, దొరక్కపోతే నేరుగా ఎమర్జెన్సీకి. మీరు మాత్రం బండి నడపొద్దు.

నీలిగొడుగు:
చేశా, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లమన్నారు. అన్నయ్య వచ్చాడు, బయల్దేరుతున్నాం.