జపాన్‌లోని 'మెయోతో ఇవా' జంట రాళ్లకి జూన్‌లో వెళ్లొచ్చా?

మాది శ్రీకాకుళం. తమ్ముడు నగోయాలో ఉంటున్నాడు, జూన్‌లో అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నాను. సముద్రంలో తాడుతో కట్టిన ఆ జంట రాళ్లు చూడాల్సిందేనని అమ్మ పట్టు. వెళ్లినవాళ్లు చెప్పండి.

జవాబు: సరైన నెలే అన్నా. అప్పుడు సూర్యుడు ఆ రెండు రాళ్ల మధ్య నుంచే వస్తాడు, కాకపోతే తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఒడ్డున ఉండాలి, అందుకే ముందురోజే ఆ రాళ్లుండే ఫుతామి ఊళ్లో దిగిపోండి. వానల సీజన్ కూడా అదే. అరసవల్లి కిరణాల్లాగే, మబ్బు పట్టిందా అంతే సంగతులు!

జవాబు: పెద్దరాయి సుమారు 9 మీటర్లు, ఆ రెండూ జపాన్ పురాణాల్లోని దేవతలు ఇజానగి-ఇజానమి దంపతులంటారు. గడ్డితాడు ఏడాదికి మూడుసార్లు మారుస్తారు. నిజానికి ఆ రాళ్లు ద్వారం లాంటివే, మొక్కేది దాదాపు 700 మీటర్ల అవతల నీళ్లలో మునిగున్న ఇంకో రాయికి. స్టేషన్ నుంచి పావుగంట నడక, నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే టాక్సీ మాట్లాడుకోండి.