బడి పిల్లల మనోవేదనకు మన జిల్లాలో తొలి ఆసరా ఎవరు కావాలి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, బంగారుపాళ్యం మండలం, చిత్తూరు జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మా ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయికి కొన్ని నెలలుగా సోమవారం ఉదయమే కడుపునొప్పి వస్తోంది (పాపను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను). ప్రార్థన ముగియకముందే గోడకు ఆనుకుని కూర్చుండిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేశారు, స్కానింగ్‌లో ఏమీ కనపడలేదు, దడుసుకుందేమోనని అవ్వ తాయెత్తు కట్టించింది. అమ్మానాన్నలు బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నారు. ఆదివారం రాత్రి వాళ్లతో ఫోనులో మాట్లాడిన తరువాత ఆ పిల్ల తెల్లవార్లూ నిద్రపోదని నిదానంగా అడిగితే తెలిసింది.

పిల్లల మానసిక వైద్యులకు చూపించాలంటే తిరుపతికో వేలూరుకో వెళ్లాలి. అవ్వకు ఒక రోజు కూలి పోతుంది, ఇద్దరికీ బస్సు చార్జీలు కావాలి, మళ్లీ రమ్మంటే మళ్లీ అదే ఖర్చు. ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా నియమిస్తే సరిపోదా? మనలాంటి పేద ప్రాంతాల్లో ఎక్కడైనా అది ఫలించిందా?

సమాధానం 1 (మానసిక ఆరోగ్య సామాజిక కార్యకర్త, తిరుపతి)

మేడమ్ గారికి నమస్కారం. మానసిక వైద్యులు లేనిచోట, కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు మనుషులు పిల్లల బాధను తగ్గించగలరన్నది రుజువైన విషయమే. కెన్యాలో 18 నుంచి 22 ఏళ్ల యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, వారానికొకటి చొప్పున 4 బృంద సమావేశాలను హైస్కూలు పిల్లలతో జరిపించగా, ఆ పిల్లల్లో కుంగుబాటు, ఆందోళన తగ్గినట్టు 2021లో వెలువడిన అధ్యయనం చూపింది.

అయితే ఆ పనిని ఉపాధ్యాయులకే అప్పగించాలన్న ఆలోచనతో నేను ఏకీభవించలేను. బీహార్‌లోని నలందా జిల్లాలో 74 ఉన్నత పాఠశాలలను మూడు భాగాలు చేసి, ఒక భాగంలో శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్ల చేత, మరో భాగంలో ఉపాధ్యాయుల చేత ఒకే కార్యక్రమాన్ని నడిపించారు, మూడో భాగాన్ని పోలిక కోసం ఉంచారు. కౌన్సెలర్లు ఉన్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, పిల్లల్లో కుంగుబాటు, తోటివారి వేధింపులు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన బడుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇందుకు ఉపాధ్యాయుల చిత్తశుద్ధిని శంకించడం అన్యాయం. పాఠాలు, యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు చూసుకుంటూ ఒక పిల్ల ఎదుట అరగంట తీరిగ్గా కూర్చోవడం మీలో ఎందరికి కుదురుతుంది? పైగా మార్కులు వేసేవారికి, ఇంటికి కబురు పెట్టగలవారికి పిల్లలు అన్నీ చెప్పుకోలేరు. మీరు గమనించింది, అడిగింది చాలా విలువైన పని. దాని తరువాతి పనికి వేరే మనిషి కావాలి, ఆ మనిషికి వారం వారం సలహా ఇచ్చే నిపుణులు వెనుక ఉండాలి.

ఈ అవసరం ఒకరిద్దరు పిల్లలది కాదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ సర్వేలో 13–17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి మానసిక సమస్యలు ఉన్నట్టు తేలింది. అంటే నలభై మంది ఉన్న తరగతిలో దాదాపు ముగ్గురు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రాష్ట్రం లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సమాధానం 2 (ఒక తల్లి, శ్రీకాళహస్తి)

మా అబ్బాయి కుంగుబాటుతో బడి మానేసినప్పుడు తిరుపతిలో చికిత్స మొదలుపెట్టించాము. చికిత్స మొదలుపెట్టడం కంటే దాన్ని కొనసాగించడమే మాకు కష్టమైంది. వాడు కాస్త తేరుకోగానే, మందులు అలవాటైపోతాయి, ఆపేయండి అని బంధువులందరూ ఒత్తిడి చేశారు. మా సచివాలయం ఏఎన్ఎం అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడల్లా, డాక్టరు చెప్పకుండా మానవద్దక్కా అని గుర్తుచేయకపోతే మేమూ ఆపేసేవాళ్లమే. బడిలో ఎవరిని నియమించినా, ఇంటి గడప దాకా వచ్చి పెద్దవాళ్లకు నచ్చజెప్పే మనిషి కూడా ఉండాలని నా విన్నపం.

సమాధానం 3 (వైద్యాధికారి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, చిత్తూరు జిల్లా)

మేడమ్, ఆ పాపను ముందు మీ పీహెచ్‌సీకి తీసుకురండి. శరీరంలో వేరే కారణం లేదని ఒకసారి నిర్ధారించుకోవాలి. ఆ తరువాత అవ్వ చేత 14416కు ఫోన్ చేయించవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఇది. ఖర్చు ఉండదు, తెలుగులోనే మాట్లాడవచ్చు, తిరుపతి ప్రయాణం అవసరమో కాదో వాళ్లతో మాట్లాడితే కొంత తేలుతుంది. పాపతో మాట్లాడేటప్పుడు స్టాఫ్ రూము వద్దు. నలుగురికీ కనిపిస్తూ, మాటలు మాత్రం వినిపించని చెట్టు నీడ మేలు. ఒకవేళ లైంగిక వేధింపు సంగతి బయటపడితే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఎవరికీ చెప్పనని ముందే మాట ఇవ్వకండి. పిల్లల సహాయ ఫోను 1098 నంబరును కూడా దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. నలందా అనుభవం చదివాక నా అభిప్రాయం మారింది. విద్యార్థులు 100 లేదా అంతకు మించి ఉన్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలనీ, చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం కావాలనీ సుప్రీంకోర్టు 2025 జులైలో ఆదేశించింది కదా. మా స్కూల్ కాంప్లెక్స్‌లోని (చుట్టుపక్కల బడుల సముదాయం) బడులన్నిటికీ కలిపి ఒక కౌన్సెలర్‌ను, వారంలో ఏ రోజు ఏ బడికి వస్తారో స్పష్టంగా రాసి, వచ్చే సమావేశంలో లిఖితపూర్వకంగా అడుగుతాము. తిరుపతి సార్, ఆ కౌన్సెలర్‌కు సలహా ఇచ్చే నిపుణుల బాధ్యత ఏ శాఖ తీసుకోవాలో కూడా మా వినతిపత్రంలో రాయదలచాము. దయచేసి ముసాయిదా చూసి సరిదిద్దగలరా?